బైబిల్ తూకాల పెట్టె: గుండ్లు బాగున్నాయి, పుస్తకం దిద్దాలి

సండే స్కూళ్ల కోసం ఆన్‌లైన్‌లో అమ్ముతున్న బైబిల్ తూకాలు, నాణేల నమూనా పెట్టె గురించి ఈ రివ్యూ. ధర 1,850 రూపాయలు. కొనే ముందు తెలుగులో ఎవరైనా వివరంగా రాశారేమో అని వెతికాను, దొరకలేదు. "బాగుంది, పిల్లలకు నచ్చింది" అన్న రెండు ముక్కలు తప్ప ఏమీ లేవు.

నేను కాజీపేటలో మా సంఘం సండే స్కూల్లో పెద్ద పిల్లల తరగతి చూస్తాను. మా బాపు వరంగల్‌లో బంగారం పని చేసేవాడు. ఆయన చిన్న త్రాసు, గురిగింజల డబ్బీ, ఆకురాయి నా దగ్గరే ఉన్నాయి. తూకం అనే మాట వింటేనే నా చెయ్యి కాటా వైపు పోతుంది. అందుకని పెట్టెలోని ప్రతి వస్తువునూ ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి చూశాకే ఇది రాస్తున్నాను.

పెట్టె చెక్కది, లోపల నీలం మఖ్మల్ గుడ్డ, ఒక్కో వస్తువుకు ఒక్కో గుంట. సున్నపురాయి రంగులో, కింద చదునుగా పైన గుమ్మటంలా ఉండే గుండ్లు: షెకెలు (పాత నిబంధన కాలపు తూకం), రెండు షెకెళ్లు, నాలుగు షెకెళ్లు, ఇంకా బెకా, పీము. పడుకున్న బాతు ఆకారంలో ఒక మినా. నాణేల్లో తూరు పట్టణపు వెండి షెకెలు, తిబెరి కైసరు దేనారము, విధవరాలి కాసు (సువార్తలో పేద విధవరాలు కానుకగా వేసిన చిన్న నాణెం), కెసీతా అని రాసిన ఒక బిళ్ల. చేత్తో పట్టుకునే చిన్న త్రాసు. తెలుగులో 32 పేజీల పుస్తకం.

గుండ్ల పని చాలా శ్రద్ధగా చేశారు. యెరూషలేములో, యూదా దేశంలో తవ్వకాల్లో దొరికిన గుండ్లను బట్టి ఒక షెకెలు దాదాపు 11.3, 11.4 గ్రాములు. పెట్టెలోని గుండు 11.3 తూగింది. రెండుది, నాలుగుది కూడా లెక్కకు సరిపోయాయి. మీద చెక్కిన షెకెలు గుర్తు, పక్కన అంకె గీతలు స్పష్టంగా ఉన్నాయి. నిర్గమకాండము 38వ అధ్యాయంలో తలకు అర తులం, అంటే అర షెకెలు, అని చెప్పిన బెకా కూడా సరిగ్గానే ఉంది.

పీము గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే పెట్టె మొత్తంలో నాకు ఎక్కువ సంతోషం ఇచ్చింది అదే. 1 సమూయేలు 13:21లో ఈ మాట ఒక్కసారే వస్తుంది. ఫిలిష్తీయుల దగ్గరికి నాగలి కర్రులూ గొడ్డళ్లూ సానపట్టించుకోవడానికి ఇశ్రాయేలీయులు పోవాల్సి వచ్చిందని చెప్పే చోటు. మన పాత తెలుగు బైబిల్లో అక్కడ "ఆకురాళ్లు" అని ఉంటుంది. ఇంగ్లీషు పాత అనువాదంలోనూ అదే అర్థం. ఆ మాట ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు, సానపెట్టే సందర్భం కాబట్టి ఆకురాయి అని ఊహించారు. 20వ శతాబ్దం మొదట్లో పాలస్తీనాలో అదే మాట చెక్కిన చిన్న గుండ్లు బయటపడ్డాయి. షెకెలులో మూడింట రెండు వంతులు, 7.8 గ్రాములకు దగ్గర. అంటే ఆ వచనం చెప్పేది పనిముట్టు గురించి కాదు, సానపట్టినందుకు ఫిలిష్తీయులు తీసుకున్న కూలి గురించి. పెట్టెలోని పీము 7.7 తూగింది. దాని పక్కన బాపు ఆకురాయి పెట్టి ఈ కథ చెప్తే, నోరెత్తని పిల్లలు కూడా దగ్గరికి జరిగి చూశారు. పుస్తకం మాత్రం పీముకు ఒకే ఒక్క వాక్యం ఇచ్చింది. ఇంత మంచి గుండు చేసి దాని కథ చెప్పకపోవడం అన్యాయం.

ఇక లోపాలు. బాతు బోలుది. తల వెనక్కి తిప్పి వీపు మీద పెట్టుకుని పడుకున్న బాతు ఆకారంలో గుండ్లు చేయడం మెసొపొటేమియాలో నిజంగా ఉన్న ఆచారం, అందులో తప్పు లేదు. బబులోను మినా అంటే 60 షెకెళ్లు, అరకిలో చుట్టూ ఉండాలి. ఇది 190 గ్రాములే ఉంది. కింద మాత్రం 500 అని అచ్చు వేశారు. "దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయన కిష్టము" అనే సామెతల వచనాన్ని మూత మీద ముద్రించి లోపల ఇలాంటి గుండు పెట్టకూడదు. కంపెనీకి రాస్తే, అది అలంకారం కోసం పెట్టినదని జవాబు వచ్చింది. అలాంటప్పుడు 500 అని వేయకుండా ఉండాల్సింది. త్రాసు ఎడమ తట్ట కొంచెం బరువు. అది పెద్ద సంగతేం కాదు, కుడి తట్ట కింద కాస్త మైనం అంటిస్తే సరిపోయింది.

నా అసలు ఫిర్యాదు పుస్తకం మీద. మొదటి పేజీలోనే "షెకెలు అనగా హీబ్రూ భాషలో వెండి నాణెము" అని ఉంది. ఇది సరికాదు, దీనితో పిల్లల బుర్రలో మొదలే తప్పుగా పడుతుంది. అబ్రాహాము కాలానికి నాణెం అనేదే లేదు. ముద్ర వేసిన నాణేలు పశ్చిమాన లుదియ దేశంలో క్రీస్తుకు పూర్వం 7వ శతాబ్దంలో మొదలయ్యాయి. అంతకుముందు వెండిని తూచే ఇచ్చేవాళ్లు. ఆదికాండము 23:16లో మక్పేలా పొలానికి అబ్రాహాము నాలుగు వందల తులాల వెండిని "తూచి" ఇచ్చాడని స్పష్టంగా ఉంది. షెకెలు అనే మాటకు పుట్టుకే తూచడం. బబులోను, అష్షూరు వాళ్ల అక్కాదు భాషలో తూచడానికి షకాలు, తూకానికి షిక్లు. హీబ్రూలో షాకల్ అంటే తూచాడు. అదే ధాతువు అరామిక్‌లో తెకేల్ అవుతుంది. అరబిక్‌లో మిస్ఖాల్. ఖుర్ఆన్ 99వ సూరాలో రవ్వంత మంచి, రవ్వంత చెడు కూడా లెక్కకొస్తాయని చెప్పే చోట ఈ మిస్ఖాలే ఉంది. వేల ఏళ్లు, నాలుగు భాషలు దాటి వచ్చినా ఆ మాట త్రాసును వదల్లేదు. దాన్ని నాణెం అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

మన తెలుగు అనువాదకులు పాత నిబంధనలో షెకెలుకు "తులము" అని రాశారు. నేను ఈ మాటను ఎంత మెచ్చుకున్నా తక్కువే. తులం కూడా త్రాసు నుంచి పుట్టిన మాటే, సంస్కృత తులా నుంచి. పైగా బరువు కూడా దగ్గర దగ్గరగా కుదిరింది. ఇప్పుడు మన బంగారం దుకాణాల్లో తులం అంటే 10 గ్రాములు. బాపు వాళ్ల కాలపు పాత తులం 11.66 గ్రాములు, 96 గురిగింజల ఎత్తు. షెకెలు 11.4. అంటే చదివేవాళ్ల చేతిలోని తూకానికి అతి దగ్గరి మాటనే ఎంచుకున్నారు. పది గ్రాముల తులంతో లెక్క కడితే అబ్రాహాము ఇచ్చింది 4 కిలోల వెండి, అసలు షెకెలు లెక్కన నాలుగున్నర కిలోలు దాటుతుంది. అదే నిర్గమకాండము 30:13లో "ఆ తులము యిరువది చిన్నములు" అని ఉంటుంది. చిన్నం మన కంసాలి తూకం, కాకతీయుల కాలపు శాసనాల్లో మాడ, రూక పక్కన కనిపించే మాట. హీబ్రూలో అక్కడ గేరా. అదీ అక్కాదు భాషలోని గిరూ నుంచే. అక్కడ షెకెలులో 24వ వంతు, మోషే ధర్మశాస్త్రంలో 20వ వంతు. ఇలాంటి తేడాలు చూపించడానికే కదా ఈ పెట్టె ఉన్నది. తెలుగులో అచ్చు వేసిన పుస్తకంలో తులం, చిన్నం అనే మాటలు ఎక్కడా లేవు. పిల్లవాడు ఇంట్లో బైబిల్ తెరిస్తే షెకెలు కనబడదు, తులం కనబడుతుంది. రెండూ ఒకటే అని వాడికి ఎవరు చెప్పాలి?

తలాంతుదీ ఇదే పరిస్థితి. మన సంఘాల్లో ఆ మాటకు ఇప్పుడు పాట పాడే నేర్పు, బొమ్మలు వేసే నేర్పు అనే అర్థమే మిగిలింది. గ్రీకులో తలాంతోన్ అంటే త్రాసు, ఆ త్రాసులో తూగినది. సంస్కృత తులా, గ్రీకు తలాంతోన్ ఒకే మూలం నుంచి వచ్చినవని భాషా శాస్త్రజ్ఞులు చెప్తారు, ఎత్తడం, మోయడం అనే అర్థమున్న ధాతువు అది. అంటే తెలుగు బైబిల్లోని తులమూ తలాంతూ అక్కాచెల్లెళ్లు. హీబ్రూలో దాన్ని కిక్కార్ అంటారు, గుండ్రనిది అని. నిర్గమకాండము 38:25, 26 తీసి పిల్లలతో లెక్క చేయించండి: 6,03,550 మంది, తలకు అర తులం, మొత్తం 3,01,775 తులాలు. అక్కడ దాన్ని నూరు తలాంతులు, 1,775 తులాలు అని చెప్పారు. మూడు వేల తులాలకు ఒక తలాంతు అని పిల్లలే తేల్చేస్తారు. యేసు కాలపు గ్రీకు తలాంతు కొంచెం తేలిక, అయినా పాతిక కిలోల పైమాటే. మత్తయి 25లోని తలాంతుల ఉపమానంలో ఒక సేవకుడు భూమి తవ్వి దాచింది బియ్యం మూటంత బరువు. ఈ సంగతి తెలిశాక ఆ ఉపమానం వినే తీరే మారుతుంది.

కెసీతా బిళ్ల దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను. గుండ్రటి వెండి రంగు బిళ్ల, మీద గొర్రెపిల్ల బొమ్మ. పుస్తకంలో "యాకోబు కాలపు నాణెము" అని రాశారు. అలాంటి నాణెం ఎక్కడా, ఎన్నడూ దొరకలేదు. దాన్ని కంపెనీ వాళ్లు ఊహించి చేశారు. ఊహ అని ఎక్కడా చెప్పలేదు. నిజమైన గుండ్ల పక్కన ఒకే మఖ్మల్ మీద దాన్ని పెట్టారు, పిల్లలకు తేడా ఎలా తెలుస్తుంది?

నిజానికి కెసీతా కథ ఏ బొమ్మా అవసరం లేనంత గొప్పది. బైబిల్ మొత్తంలో మూడు చోట్లే వస్తుంది: షెకెములో యాకోబు పొలం కొన్నప్పుడు ఆదికాండము 33:19లో, ఆ పొలంలోనే యోసేపు ఎముకలు పాతిపెట్టినప్పుడు యెహోషువ 24:32లో, యోబు కష్టాలు తీరాక బంధువులు తలా ఒకటి తెచ్చి ఇచ్చినప్పుడు యోబు 42:11లో. బరువెంత, విలువెంత ఎక్కడా చెప్పలేదు. క్రీస్తుకు ముందే హీబ్రూ లేఖనాలను గ్రీకులోకి తెచ్చిన యూదులు ఈ మూడు చోట్లా గొర్రెపిల్లలు అని రాశారు. తర్వాత వచ్చిన తర్గుము అనే అరామిక్ అనువాదం, లాతీను అనువాదం కూడా గొర్రెల వైపే నిలబడ్డాయి. ఒక కెసీతా అంటే ఒక గొర్రెపిల్ల ఖరీదు కావచ్చు, గొర్రె ఆకారంలో చేసిన గుండు కావచ్చు అనే ఊహలు అక్కడి నుంచే పుట్టాయి. జంతువుల ఆకారంలో గుండ్లు ఆ కాలంలో ఉన్నాయి కాబట్టి ఆ రెండో మాట కొట్టిపారేసేది కాదు. అయితే నాణెం మీద గొర్రె బొమ్మ అనేది వేరే సంగతి.

ఇంకో దారి కూడా ఉంది. క్రీస్తు తర్వాత 2వ శతాబ్దం నాటి యూదు గురువు రబ్బీ అకీవా చెప్పిన మాట, యూదుల ధర్మశాస్త్ర చర్చల గ్రంథమైన తల్ముదులో ఉంది: తాను ఆఫ్రికాకు పోయినప్పుడు అక్కడి వాళ్లు 'మా' అనే పేరున్న చిన్న నాణేన్ని కెసీతా అనడం విన్నానని. లేఖనంలోని ఒక పాత మాట అర్థం కోసం ఆయన వేరే దేశపు జనం నోటి మాట వైపు చూశాడు. నాకు ఆ పద్ధతి మీద చాలా గౌరవం. తర్వాతి పండితులు అరబిక్ ఖిస్త్ వైపు చూశారు, వాటా, సరైన కొలత అని దాని అర్థం. ఆ ఖిస్త్ ఉర్దూ మీదుగా మన దగ్గరికి కిస్తు అయి వచ్చింది. భూమి శిస్తు కట్టినా, బండి లోను కట్టినా మనం వాడేది అదే. యాకోబు పొలం కొన్న మాటకూ మన కిస్తుకూ చుట్టరికం ఉందేమో అనుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఒక చిక్కు ఉంది. హీబ్రూలో ఆ మాట మధ్యనున్న అక్షరానికి అరబిక్‌లో మామూలుగా 'ష' రావాలి, 'స' కాదు. అందుకే ఇది తేలిన సంగతి కాదు, ఒక ప్రతిపాదన. పిల్లలకు కూడా ఇలాగే చెప్పాలి. "ఇది ఇంకా తేలలేదు" అని చెప్తే లేఖనం మీద గౌరవం తగ్గదు. తేలనిదాన్ని బిళ్ల మీద ముద్ర కొట్టి చేతిలో పెడితేనే తగ్గుతుంది.

మన తెలుగు బైబిల్ కెసీతాను వరహా అంది. నూరు వరహాలకు యాకోబు పొలం కొన్నాడు. వరాహావతారం పేరు మీద వచ్చిన విజయనగరపు బంగారు నాణెం అది. 1818లో మద్రాసు ప్రభుత్వం రూపాయిని ప్రమాణం చేసేదాకా ఆ ప్రాంతాల్లో దాని లెక్క నడిచింది. భూమి కొనడానికి తగిన, గౌరవమైన ధనం అని వినేవాళ్లకు వెంటనే తెలియాలని ఆ మాట పెట్టి ఉంటారు. నాకు అది నచ్చుతుంది, మార్చమని అడగను. పాఠంలో మాత్రం ఇది మన వాళ్లు ఇచ్చిన పేరని చెప్పి, అసలు మాట కెసీతా అని బోర్డు మీద రాస్తాను.

పుస్తకంలో పూర్తిగా వదిలేసింది దానియేలు 5వ అధ్యాయం. తూకాల పెట్టెకు ఇంతకంటే సరిపోయే పాఠం బైబిల్లో లేదు. బబులోను రాజు బెల్షస్సరు విందులో గోడ మీద చెయ్యి రాసింది మెనే, మెనే, టెకేల్, ఉఫార్సీన్. 1886లో ఫ్రెంచి పండితుడు క్లెర్మాన్ గానో ఇవి తూకాల పేర్లని చెప్పాడు. మెనే మినా, టెకేల్ షెకెలు, ఉఫార్సీన్‌లో ఉన్న ఫెరేస్ అంటే సగం, అర మినా. అరామిక్‌లో అచ్చులు రాయరు కాబట్టి అవే అక్షరాలను క్రియలుగా చదివితే లెక్కించాడు, తూచాడు, విభాగించాడు అవుతుంది. దానియేలు చదివి చెప్పింది అలాగే. గోడ మీద అంగడి చీటీలా కనబడినది, దేవుని తీర్పు అయింది. నేను ఈ పాఠానికి పెట్టెలోని త్రాసు, షెకెలు గుండు, బాతు బల్ల మీద పెట్టి ఆ మాటలు చదివించాను. ఒక పిల్లవాడు "మెనే రెండుసార్లు ఎందుకు టీచరక్కా?" అని అడిగాడు. మొదటిది "లెక్కించాడు" అనే మాట, తర్వాతవి లెక్కలోని పద్దులు కావచ్చునని కొందరు చెప్తారని చెప్పాను. మన కిరాణా చిట్టా పైన 'మొత్తం' అని రాసి కింద పద్దులు వేసినట్టు. వాడికి వెంటనే అర్థమైంది.

ఈ మినా మన వైపు కూడా వచ్చి ఉండొచ్చు. ఋగ్వేదం 8వ మండలం 78వ సూక్తంలో ఇంద్రుణ్ణి ఆవులతో, గుర్రాలతో పాటు "మనా హిరణ్యయా" కూడా తెమ్మని అడుగుతారు. ఆ బంగారు మనా అక్కాదు మనూ నుంచి వచ్చిన మాటేనని చాలామంది పండితులు అనుకున్నారు, ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు.

నాణేల గురించి క్లుప్తంగా. తూరు షెకెలు 14 గ్రాముల చుట్టూ ఉంది, ఒకవైపు మెల్కర్తు దేవుడి తల, ఇంకోవైపు గద్ద. ఆలయపు పన్ను కట్టింది ఈ అన్యదేవత బొమ్మ ఉన్న వెండితోనే అని పుస్తకం ధైర్యంగా చెప్పింది, మెచ్చుకుంటున్నా. దేనారము అచ్చు కొంచెం మొద్దుగా పడింది. లాతీనులో పదేసి అని అర్థమొచ్చే మాట నుంచి దానికి ఆ పేరు, మొదట్లో పది కంచు నాణేలకు ఒకటి కాబట్టి. ఆ పేరే దీనార్ అయి ఖుర్ఆన్‌లోకి, నాగార్జునకొండ శాసనాల్లోకి కూడా పోయింది. మన పెద్దపల్లి జిల్లా పెద్దబంకూరులో శాతవాహన నాణేలతో పాటు రోమన్ నాణేలు దొరికాయి. వీలైతే పిల్లలను కరీంనగర్ మ్యూజియంకు తీసుకుపోండి. కోటిలింగాల, పెద్దబంకూరు నాణేలు చూస్తే, ముద్ర వేసిన నాణెం ఎలా ఉంటుందో, ఉత్త తూకపు వెండి నుంచి అది ఎంత దూరం వచ్చిందో వాళ్లకే తెలుస్తుంది. విధవరాలి కాసు చాలా బాగుంది, గోరంత రాగి ముక్క, మీద లంగరు గుర్తు. దాన్ని అరచేతిలో పెడితే చాలు, మాట అక్కర్లేదు.

ప్యాకింగ్ గట్టిగా ఉంది, ఏదీ పగల్లేదు. రంగు వెలిసిపోవడం కూడా ఇప్పటిదాకా కనబడలేదు.

కొనాలా అంటే, సండే స్కూల్‌కు, సంఘం లైబ్రరీకి కొనొచ్చు. ఇంట్లో ఒక్క పిల్లవాడి కోసమైతే 1,850 ఎక్కువ. అదే కంపెనీ గుండ్లూ త్రాసూ మాత్రమే ఉన్న చిన్న సెట్ 900కు అమ్ముతోంది, బాతు, కెసీతా బిళ్ల అందులో లేవు. అది తీసుకోండి. పుస్తకం బదులు తెలుగు బైబిల్లో ఆదికాండము 23, నిర్గమకాండము 30, 38, దానియేలు 5 తీసి పెట్టుకుంటే పాఠానికి సరిపోతుంది. పెద్ద పెట్టె ఇప్పటికే కొన్నవాళ్లు బాతు కింద ఉన్న 500 అంకెను కొట్టేసి, కెసీతా బిళ్లను పక్కన తీసిపెట్టి వాడండి. గుండ్లకు ఐదులో ఐదు, నాణేలకు నాలుగు, పుస్తకానికి రెండు.